గేటు బయట ఉద్యోగం

లెక్కల మాస్టారికి ఉద్యోగం ఉందో ఊడిందో చెప్పగలిగిన మనిషి ఆ ఊళ్లో ఒక్కరూ లేరు. ఉందనుకుంటే క్లాసు లేదు, జీతం లేదు, స్టాఫ్ రూములో కుర్చీ లేదు. ఊడిందనుకుంటే ఊడినట్టు కాగితం లేదు. ఒక సాయంత్రం బడి వదిలాక మేనేజరు వరండాలో ఎదురుపడి, భుజం మీద చెయ్యి వేసి, "రేపటినుంచి మీరు శ్రమ పడక్కర్లేదు మాస్టారూ" అన్నాడు. విస్తళ్లు ఎత్తబోయిన చుట్టాన్ని కూచోబెట్టినంత మర్యాదగా అన్నాడు. రెండేళ్లకని సంతకాలు పెట్టించుకుని సముద్రం దాటించి తెచ్చుకున్న మనిషిని, ఏడాది నిండకుండానే ఆ ఒక్క ముక్కతో సాగనంపారు.

ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మని అడుగుదామని మర్నాడు వెళితే గేటు తియ్యలేదు.

తన చోట్లో ఇంకొకాయన తక్కువకు దొరికాడని తరవాత తెలిసింది. మాస్టారికి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. గదికి వచ్చి మంచం మీద కూచుని చేతులు చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో సుద్ద ఇంకా ఉంది.

అదే బళ్లో ఆటలు నేర్పే పీటీ మాస్టారిదీ మన భాషే. ఇద్దరిదీ ఒకే గది. ఆయన్నీ ఆ వారమే అలాగే భుజం తట్టి పంపించారు. "అన్నయ్యా, ఊరికే కూచుంటే ఏం లాభం? మనలాంటి వాళ్ల కేసులు చూసే వకీలమ్మ ఒకావిడ ఉందట, పద" అని రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు.

వకీలమ్మ ఆఫీసు జిరాక్సు షాపు మీద మేడగది. మెట్ల మీద కూడా ఫైళ్లే. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది. "బడికి వెళ్లడం మానేశారా?"

"గేటు తియ్యడం లేదండీ."

"నేనడిగింది అది కాదు. వెళ్లడం మానేశారా?"

మాస్టారికి వింతగా తోచింది. వద్దన్న చోటికి మళ్లీ మళ్లీ ఎలా వెళతారు?

"అదే వాళ్లకు కావలసింది" అంది వకీలమ్మ. "మీ ఒప్పందంలో ఒక షరతుంది, చదివారా? కారణం చెప్పకుండా వరసగా వారం రాకపోతే, మీ అంతట మీరే వదిలేసి పోయినట్టు. వదిలేసి పోయిన పరాయి దేశం టీచరు ఇక్కడ ఇంకే బళ్లోనూ చేరడానికి లేదు. విమానం ఎక్కడమే. వాళ్లు కాగితం ఎందుకు ఇవ్వలేదనుకున్నారు? మీరు మర్యాదస్తులు, రావద్దంటే రారు. మీరు రాకపోతే వాళ్ల తప్పు మీదవుతుంది."

"మరిప్పుడు?"

"వారం ఇంకా నిండలేదు. రేపటినుంచి మొదటి గంటకు వెళ్లండి. ఆఖరి గంట దాకా ఉండండి. లోపలికి రానిస్తే లోపల, లేకపోతే గేటు బయట. రోజూ గేటు పక్కన నిలబడి ఒక ఫోటో తీసుకోండి. నేను కేసు వేస్తాను."

"బయట ఉండి ఏం చెయ్యనండీ?"

"ఉద్యోగం" అంది ఆవిడ, ఇంకో ఫైలు లాక్కుంటూ.

ఆ విధంగా మాస్టారు గేటు బయట ఉద్యోగంలో చేరాడు.

పొద్దున్నే లేచి గడ్డం గీసుకునేవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, సంచిలో అన్నం డబ్బా. మొదటి గంట కొట్టేసరికి గేటు ముందుండేవాడు. ఫోటో తీసుకునేవాడు. తరవాత నీడ ఎటుంటే అటు. పొద్దున ప్రహరీ కింద, మధ్యాహ్నం ఎదురు వైపు కరెంటు పెట్టె పక్కన. ఆగి ఉన్న వ్యాన్ల నీడ కూడా వాడుకునేవాడు గాని, అవి చెప్పకుండా కదిలిపోయేవి.

పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులు మొదట్లో పలకరించారు. తరవాత తల ఊపారు. ఆ తరవాత ఫోన్లు చూసుకుంటూ పోవడం మొదలుపెట్టారు. వాళ్ల తప్పేం లేదు. రోజూ ఒకే చోట నిలబడే మనిషిని చూసి ఎన్నాళ్లని నొచ్చుకుంటారు?

పీటీ మాస్టారు కొన్నాళ్లు తోడు వచ్చాడు. ఆయన ఉంటే ఎండ కూడా తెలిసేది కాదు. "అన్నయ్యా, మనల్ని చూసి ఆ కుక్క కూడా ఇక్కడే డ్యూటీలో చేరింది. దానికి కాంట్రాక్టు ఉందో లేదో కనుక్కో" అనేవాడు. కాని ఆయనకు కాళ్లు నిలవవు. ఎంతో కొంత ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపొమ్మని మేనేజరు కబురు పెడితే పెట్టేశాడు.

"నన్ను తిట్టుకోకు. విజిలు ఊదేవాడికి ఏ గ్రౌండైనా ఒకటే. నువ్వూ పెట్టెయ్యి, కలిసే పోదాం."

"నేను వదిలి వెళ్లినట్టు రాసుకుంటారు కదయ్యా."

"రాసుకోనీ. రాసినవాడి చెయ్యి నొప్పి."

"నేను వదల్లేదు" అన్నాడు మాస్టారు.

పీటీ మాస్టారు వెళ్లిన సాయంత్రం అలవాటు కొద్దీ ఇద్దరికీ బియ్యం పోశాడు. పొయ్యి మీద ఉడుకుతున్నప్పుడు చూసుకున్నాడు. మిగిలింది మర్నాడు తిన్నాడు. ఆ మర్నాడూ అలాగే పోశాడు. రెండో మంచం మీద పరుపు చుట్ట చుట్టి తాడుతో కట్టి ఉంది. గదిలో తను అటూ ఇటూ తిరిగే చప్పుడు తనకే వినబడి, కాసేపు కదలకుండా నిలబడేవాడు.

ఇంటి దగ్గర్నుంచి భార్య ఫోను చేసేది.

"ఏవండీ, తిన్నారా?"

"తిన్నాను."

"ఇవాళ ఏం చేశారు?"

"కూచున్నాను."

"నిన్నా అదే అన్నారు."

"నిన్నా కూచున్నాను."

ఆవిడ నవ్వేది. నవ్వి ఫోను పెట్టేసేది. ఒకనాడు మాత్రం ఆగి ఆగి చెప్పింది. "ఇక్కడ మీ పాత బళ్లో మీ చోట్లోకి ఎవరో అమ్మాయి వచ్చిందట. బాగా చెబుతోందట. అంటే... మీరు తొందరపడి వచ్చెయ్యకండి అని కాదు."

"తెలుసులే."

"రావద్దనడం లేదు."

"తెలుసు."

మాస్టారికి అక్కడ కుర్చీ లేదు, ఇక్కడ కుర్చీ లేదు. ఒక్క ఆశ ఉంది. ఊరికి ఆ చివర, టైర్ల దుకాణాల వెనక, చిన్న బడి ఒకటుంది. అక్కడి పెద్ద టీచరమ్మ ఈయన పాఠం చెప్పే పద్ధతి ఒకసారి చూసింది. "మీ గొడవ తేలనివ్వండి, లెక్కలకు మీ చోటు ఆపి ఉంచుతాను" అని మాటిచ్చింది. తప్పు బడిదేనని తేలితే అక్కడ చేరతాడు. తనదని తేలితే పెట్టె సర్దుకోవాలి.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉండేవాడు. పెద్దవాడు. అతనిదీ ఇంకో దేశం, అతనిదీ కాంట్రాక్టే. ఇద్దరికీ ఆ ఊరి భాష వచ్చీరానట్టే వచ్చు. మొదట్లో అతను మాస్టారి వైపు చూసేవాడు కాదు. ఈ మనిషిని లోపలికి రానిస్తే నీ పని అయినట్టేనని మేనేజరు చెప్పి పెట్టాడు. కాని పొద్దస్తమానం ఒక మనిషి పక్కన నిలబడి ఉంటే చూడకుండా ఎన్నాళ్లుంటారు? ఒకనాడు ఖాళీ రంగు డబ్బా ఒకటి తెచ్చి, గేటుకున్న చిన్న తలుపు అవతల బోర్లించి వెళ్లిపోయాడు. కూచోమనలేదు. మాస్టారు కూచున్నాడు. అప్పట్నుంచి ఇద్దరూ గేటుకు చెరో వైపు. ఎప్పుడో ఒక మాట.

"మీకు పిల్లలా?" అన్నాడొకసారి వాచ్‌మన్.

"ఒక అమ్మాయి. మీకు?"

"ముగ్గురు. చిన్నది నన్ను చూసి భయపడుతుంది. ఎవరో కొత్తాయన అనుకుంటుంది."

వ్యాను వస్తే లేచి గేటు తీశాడు.

ఒక మధ్యాహ్నం బడి వెనక నీళ్ల ట్యాంకు పొంగింది. మోటారు కట్టేవాడు ఆ పూట రాలేదు. నీళ్లు మెట్ల మీదుగా వరండాలోకి వస్తున్నాయని లోపలినుంచి ఎవరో కేకేశారు. వాచ్‌మన్ అటూ ఇటూ చూసి, చిన్న తలుపు గడియ తీసి, "మాస్టారూ, కాస్త ఇది చూస్తుండండి. పిల్లలు బయటికి పోకుండా. ఇప్పుడే వస్తా" అని పరుగెత్తాడు. గేటు తాళం చెవి కూడా అక్కడే మేకుకు వేలాడుతోంది. అంత నమ్మి వదిలాడు.

మాస్టారు తలుపు పక్కన నిలబడ్డాడు. చాలా రోజుల తరవాత ఆయనకు అప్పజెప్పిన పని అది. ఒళ్లు నిటారైంది.

గేటుకు దగ్గరగా ఉన్న గది ఎనిమిదో తరగతి. అందులోంచి గోల మొదలైంది. ముందు గుసగుసలు, తరవాత బెంచీలు జరిగిన చప్పుడు, ఆ తరవాత సంత. తన చోట్లో వచ్చిన కొత్తాయన సెలవు కాబోలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాస్టారు చేతికి సుద్దముక్క అలవాటైన బళ్లో ఒక పద్ధతి ఉండేది. టీచరు లేని గదిని ఏ టీచరూ దాటి పోకూడదు. అది తన క్లాసు అయినా కాకపోయినా, తన సబ్జెక్టు అయినా కాకపోయినా, అవతల కొంప మునుగుతున్నా సరే. అక్కడి హెడ్మాస్టరు ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవర్నీ క్షమించేవాడు కాదు. డ్రిల్లు మాస్టరు పద్యాలు చెప్పిన రోజులున్నాయి, తెలుగు పంతులమ్మ గుణకారాలు చెప్పిన రోజులున్నాయి. ఏళ్ల తరబడి అలా బతికిన కాళ్లు అవి. గోల వినబడితే మనిషిని అడగవు.

తలుపు వదిలి, గేటు వదిలి, గదిలోకి వెళ్లాక గాని మాస్టారికి తను వెళ్లినట్టు తెలియలేదు.

"ఏమిటర్రా ఆ గోల?"

గది చప్పబడింది. ముందు బెంచీలో పిల్ల, "సార్, వచ్చేశారా?" అంది.

"సుద్దముక్క ఏది?"

ఇచ్చారు. బోర్డు మీద ఎవరో వదిలేసిన త్రిభుజం సగంలో ఉంది. పూర్తి చేశాడు. ఎందుకలా పూర్తయిందని అడిగాడు. ఒకడు తప్పు చెప్పాడు, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో ఇంకోడు చెప్పాడు. గంట కొట్టేదాకా మాస్టారు ఇంకే లోకంలోనూ లేడు. మధ్యలో ఒకసారి కిటికీ అవతల మేనేజరు కనిపించాడు. కాని మేనేజరు కేకలెయ్యలేదు. తల ఆడించి నవ్వాడు. ఫోను ఎత్తి ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

బయటికి వస్తే వాచ్‌మన్ తలుపు దగ్గర తడిసిన ప్యాంటుతో నిలబడి ఉన్నాడు.

"మీకు అప్పజెప్పి వెళ్లాను" అన్నాడు. అంతే అన్నాడు.

మాస్టారికి తల ఎత్తబుద్ధి కాలేదు. కాని లోపల సంతోషం ఆగడం లేదు. ఆ సాయంత్రం భార్య ఫోను చేసేదాకా ఉండలేక తనే చేశాడు.

"ఇవాళ క్లాసు చెప్పాను."

"అమ్మయ్య! మళ్లీ తీసుకున్నారా అయితే?"

"ఏమో. మేనేజరు నవ్వాడు."

"నవ్వాడంటే మంచిదేగా?"

మంచిది కాదని విచారణకు ముందురోజు వకీలమ్మ చెప్పింది. అవతలి పక్షం ఇచ్చిన ఫోటో బల్ల మీద పడేసింది. ఫోటోలో మాస్టారు సుద్దముక్క పట్టుకుని, ఏడాది మొత్తంలో ఎప్పుడూ లేనంత ఆనందంగా ఉన్నాడు.

"ఏమిటిది?"

"క్లాసులో టీచరు లేడండీ."

"ఉండడు! అందుకని వెళ్లిపోతారా?" ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఇన్నాళ్లూ మనం ఏం చెబుతున్నాం? గేటు మూసేశారు, రానివ్వడం లేదు అని. వాళ్లేం చెబుతున్నారు? గేటు ఎప్పుడూ తెరిచే ఉంది, ఆయనే బయట నిలబడి నాటకం ఆడుతున్నాడు అని. ఇప్పుడీ ఫోటో. తోచినప్పుడు వచ్చి పాఠం చెబుతాడు, తోచనప్పుడు మానేస్తాడు అంటారు. అసలు లోపలికి ఎలా వెళ్లారు? ఎవరు తీశారు?"

మాస్టారు ఫోటోను బోర్లా తిప్పి పెట్టాడు.

"నాతోనైనా చెప్పండి."

"గుర్తులేదండీ" అన్నాడు.

ఆవిడ ఫైలు మూసింది. "రేపు విచారణ అధికారి అడుగుతారు. ఆయన దగ్గర గుర్తులేదంటే చెల్లదు."

విచారణ గది చిన్నది. ఒక బల్ల, దాని వెనక అధికారి, పక్కన రాసుకునే గుమాస్తా. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేవబోయేవి, గుమాస్తా మోచేత్తో అదిమేవాడు. ఒక వైపు మేనేజరు, ఆయన వకీలు. వాళ్ల వెనక, ఉతికిన యూనిఫారంలో, టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని వాచ్‌మన్. గేటు ఎప్పుడూ తెరిచే ఉందని సాక్ష్యం చెప్పడానికి తెచ్చారు అతన్ని. మాస్టారు చూశాడు. అతను టోపీలోకి చూసుకుంటున్నాడు.

మేనేజరు వకీలు చెప్పవలసింది చెప్పాడు. ఫోటో చేతులు మారి అధికారి దగ్గరికి వచ్చింది.

"ఇది మీరేనా?"

"నేనేనండీ."

"పాఠం చెబుతున్నారు."

"అవునండీ."

"అయితే గేటు తెరిచే ఉందన్నమాట."

"లేదండీ."

"మరి ఎలా వెళ్లారు? అతను తీశాడా?" అధికారి గడ్డంతో వాచ్‌మన్‌ను చూపించాడు.

మేనేజరు కూడా చటుక్కున వెనక్కి తిరిగాడు. ఆ ప్రశ్న అంతవరకూ ఆయనకు తట్టలేదని మొహమే చెప్పింది. ఫోటో దొరికిన సంబరంలో, అది ఎలా దొరికిందో అడగడం మరిచాడు.

మాస్టారు వాచ్‌మన్ చేతులు చూశాడు. టోపీ అంచు నలిగిపోతోంది. అతను తీసి పోయింది ట్యాంకు కోసం. వదిలి పోయింది తను.

"గోడ దూకానండీ" అన్నాడు.

గుమాస్తా రాయడం ఆపి మాస్టారి పొట్ట వైపు చూశాడు.

"మీరా?" అన్నాడు అధికారి.

"నేనే."

"ప్రహరీ గోడా?"

"అదేనండీ."

"ఎందుకు?"

"క్లాసులో టీచరు లేడండీ. గోల చేస్తున్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు మాత్రం లేచి నిలబడ్డాడు. ఇంతకన్నా మంచిది ఆయనకు దొరకదు. "చూశారా అండీ! దొంగలాగా గోడ దూకి పిల్లల్లోకి వచ్చాడు! ఎట్టి పరిస్థితుల్లోనూ రానివ్వొద్దని ఇన్నాళ్లుగా చెవినిల్లు కట్టుకుని చెబుతుంటే..."

ఆయన వకీలు చొక్కా పట్టుకుని లాగాడు. కాని అప్పటికే అయిపోయింది.

"ఎవరికి చెప్పారు?" అన్నాడు అధికారి మెల్లగా. "ఎన్నాళ్లుగా?"

మేనేజరు కూచున్నాడు. గేటు తెరిచి ఉంటే గోడ దూకవలసిన అవసరం ఎవరికీ ఉండదు. వాచ్‌మన్‌ను సాక్ష్యం అడగనే లేదు.

తీర్పు మాస్టారి వైపు వచ్చింది. ఒప్పందం తెంచింది బడే, టీచరు వదిలి పోలేదు, ఇంకో బళ్లో చేరవచ్చు. వకీలమ్మ మెట్ల మీదనే చెయ్యి కలిపింది. "నిజమో కాదో నాతో అనొద్దు. బాగుంది, అంతే. వస్తా, ఇంకో కేసుంది" అని లోపలికి వెళ్లిపోయింది. మాస్టారు వీధిలో నిలబడి ఎవరితో చెబుదామా అని చూశాడు. పీటీ మాస్టారికి ఫోను చేస్తే మోగి మోగి ఆగింది. భార్యకు చేస్తే ఆవిడ ఏడ్చింది. "పోనీలెండి, పోనీలెండి" అంది చాలాసార్లు. గోడ సంగతి ఆవిడతో చెప్పలేదు.

కాని తీర్పు కాగితంలో ఆ సంగతీ ఉంది. గోడ దూకి బడిలో ప్రవేశించినట్టు టీచరే ఒప్పుకున్నాడు అని ఒక వాక్యం.

అప్పీలు గడువు దాటేదాకా కొన్నాళ్లు ఆగమన్నారు. ఆ రోజుల్లో ఒకనాడు సరుకుల కొట్టు దగ్గర వాచ్‌మన్ ఎదురుపడ్డాడు. ఇద్దరూ సంచులు పట్టుకుని నిలబడ్డారు.

"మీకు గోడలు ఎక్కడం వచ్చా?" అన్నాడు వాచ్‌మన్.

"రాదు."

అతను నవ్వలేదు. "మేనేజరు వచ్చి గోడ చూశాడు. మీరు ఎక్కి ఉండరంటున్నాడు. నా మీద అనుమానం. వచ్చే నెల నా కాంట్రాక్టు తిరగరాయాలి." సంచి ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుని వెళ్లిపోయాడు.

గడువు దాటింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచిలో కాగితాలు పెట్టుకుని చిన్న బడికి వెళ్లాడు. అప్పుడే బడి వదిలారు. ఆవరణ ఖాళీగా ఉంది. పెద్ద టీచరమ్మ కుర్చీ చూపించింది గాని, కూచున్నాక తీర్పు కాగితంలో ఆ ఒక్క వాక్యం మీదే వేలు పెట్టింది.

"మీ మేనేజరు నాకేమవుతాడో తెలుసా మాస్టారూ? మా ఆడపడుచు భర్త. ఆదివారం భోజనం మా ఇంట్లోనే."

మాస్టారికి తెలియదు.

"ఆయన తినే ప్రతి ముద్దకీ ఇదే పాట. ఆ మనిషి గోడ ఎక్కడమేమిటి, వాచ్‌మనే వదిలి ఉంటాడు, అడిగి చెప్పు చెల్లెమ్మా అని. తీర్పు జోలికి ఇక ఎవరూ పోరు. కోపం ఆ ముసలాయన మీద." ఆవిడ కళ్లజోడు తీసింది. "నా బాధ వేరు. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లి పాఠం చెప్పిన మాస్టారైతే, రేపే రండి. గోడ దూకే మాస్టారైతే, ఈ వాక్యం చదివిన తల్లిదండ్రులకు నేనేం చెప్పను? అందుకని అడుగుతున్నాను. నిజంగా దూకారా?"

"మీతో చెబితే మీ దగ్గరే ఉంటుందా అండీ?"

ఆవిడ మంచిది. అబద్ధం ఆడలేదు. "ఉండదు. మా ఇంట్లో నా నోరు నాది కాదు. మీరు చేరితే ఎలా చేరారని అడుగుతారు. చెప్పాల్సొస్తుంది."

మాస్టారు కిటికీలోంచి చూశాడు. ఆవరణ చివర ఈ బడికీ ఒక ప్రహరీ ఉంది. తన తలకు జానెడు పైకి. సున్నం పెచ్చులూడి అక్కడక్కడా ఇటుకలు కనిపిస్తున్నాయి.

"దూకానండీ."

"మాస్టారూ."

"కావాలంటే చూడండి" అని లేచాడు.

ఆవిడ వద్దు వద్దంటూ వెనకే వచ్చింది. గోడ దగ్గర మాస్టారు సంచి కింద పెట్టాడు. చెప్పులు విడిచి పక్కన జతగా పెట్టాడు. రెండు చేతులూ పైకి చాచి అంచు పట్టుకున్నాడు. ఒక కాలు ఇటుక సందులో పెట్టి ఎగిరాడు. జారాడు. మోకాలు చెక్కుకుపోయింది. మళ్లీ ఎగిరాడు. జారాడు. చొక్కా బొత్తాం ఒకటి తెగి ఎటో పడింది.

"చాలు మాస్టారూ. నాకు అర్థమైంది" అంది ఆవిడ.

ఆవిడకు అర్థమైంది అదే అయితే ఆదివారానికి మేనేజరుకూ అర్థమవుతుంది. మాస్టారు కొంచెం వెనక్కి నడిచాడు. ఊపిరి తీసుకున్నాడు. పరుగెత్తి వచ్చి, పొట్టను గోడకేసి కొట్టుకుని, గోళ్లతో, మోచేతులతో, చివరికి గడ్డంతో కూడా పట్టు దొరకబుచ్చుకుని పాకాడు. ఒక కాలు అటు పడింది. గోడ మీద కూచున్నాడు.

అక్కణ్నుంచి టైర్ల దుకాణాల రేకులు, వాటి వెనక వీధి, వీధి చివర మలుపు కనిపించాయి. ఎవరూ లేరు. ఇంత ఎత్తున ఎప్పుడూ కూచోలేదనిపించింది.

"ఎక్కారు" అంది కిందనుంచి పెద్ద టీచరమ్మ. "నా కళ్లతో చూశానని చెబుతాను."

"చెప్పండి."

"కాని మీకు నేను..."

"తెలుసండీ."

దిగడానికి చూశాడు. బడి వైపు కాలు పెట్టిన ఇటుక ఊడి వచ్చింది. వీధి వైపు కింద ఇసక కుప్ప ఉంది. దిగగలిగితే అటే. కళ్లు మూసుకుని జారాడు. ఇసకలో కూలబడి, లేచి దులుపుకున్నాడు. మోకాలు మండుతోంది, కాళ్లు నిలబడ్డాయి.

గోడ అవతల అడుగుల చప్పుడు. ముందు సంచి వచ్చింది గోడ మీదుగా, దాన్ని పట్టుకున్న చేతితో సహా. తరవాత చెప్పులు, ఒకటొకటిగా. గేటు అంత దూరమేం కాదు, ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి ఇవ్వవచ్చు. రాలేదు.

"అందాయా?" అంది గోడ అవతలినుంచి.

"అందాయండీ" అన్నాడు మాస్టారు.